మిగిలిన ఒక్క గింజ

తుమ్మెదలకోన అని ఒక అడవి ఉండేది. దాని నిండా ఇప్పచెట్లు, మద్దిచెట్లు, కుంకుడుచెట్లు. అందులో దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, కొండముచ్చులు, ముళ్లపందులు, ఒక ఎలుగుబంటి, ఒక అలుగు కాపురం ఉండేవి. పులి మాత్రం లేదు. ఒకప్పుడు ఉండేదట. వీళ్ల వాదులాటలు వినలేక వేరే అడవి చూసుకుని వెళ్లిపోయిందని చెప్పుకునేవారు.

ఈ కథ ఆ అలుగుది. అతని పేరు పొలుసన్న. ఒళ్లంతా పొలుసులు. నోట్లో ఒక్క పన్ను లేదు. నాలుక మాత్రం మూరెడు. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోయేవాడు. సంతోషం వేసినా చుట్టుకుపోయేవాడు. "నాకు వచ్చింది ఒక్కటే విద్య. దాన్ని దాచుకుని ఏం చేసుకోను?" అని తనమీద తానే నవ్వుకునేవాడు.

తుమ్మెదలకోన పక్కనే లోతైన వాగు ఉంది. దానికి అటువైపు ఉన్న అడవిని అవతలిగట్టు అనేవారు. అవతలిగట్టు మీద, బండల మధ్య, ఒక దొన ఉంది. రాతిలోంచి నీళ్లు ఊరే గుంట అది. ఎండాకాలంలో వాగు ఎండినా, కోనలో చెలమలన్నీ ఎండినా, ఆ దొన ఎండేది కాదు.

ఎప్పుడో ఒక గాలివానకు పెద్ద నల్లమద్ది మాను కూలి, వాగుకు అడ్డంగా పడింది. కోన జంతువులు ఆ మాను మీద నడిచి నీళ్లకు అటు వెళ్లేవి. అవతలిగట్టు జంతువులు అదే మాను మీద నడిచి ఇప్పపూలకు ఇటు వచ్చేవి.

మానుకు చెద పట్టకుండా చూడటం పొలుసన్న పని. రోజూ పొద్దు వాలేవేళ మాను పగుళ్లలో నాలుక పెట్టి చెదపురుగుల్ని ఊడ్చి తినేవాడు. అందుకు బదులుగా అతని బొరియ మీద ఎవరూ కాలు పెట్టకూడదు. అది వాళ్ల తాతలనాటి కట్టుబాటు.

"తిండి తినడాన్ని సేవ అనిపించుకున్నవాణ్ణి ఈ అడవిలో నేనొక్కణ్ణే" అని పొలుసన్న అనేవాడు.

ఒక ఏడాది ఇప్పపూలు సరిగ్గా రాలలేదు. ఆ కొద్ది పూలకూ అవతలిగట్టు జంతువులు వచ్చాయి. అప్పుడు ఘుర్రయ్య అనే అడవిపందికి కోపం వచ్చింది.

"మన పూలు మనకే చాలవు. వీళ్లెవరు వచ్చి మెయ్యడానికి? ఆ మానును వాగులోకి తోసేస్తే పీడ పోతుంది" అన్నాడు.

కొండముచ్చుల పెద్ద సింగారి చెట్టు కొమ్మమీద నుంచి తోక ఊపింది. "మాను ఉండాల్సిందే. నీకు నచ్చకపోతే నువ్వే దూకు వాగులోకి" అంది.

అడవికి పెద్ద జడలమ్మ అనే ఎలుగుబంటి. ఆమె రోజంతా ఆలోచించింది. ఎటూ తేల్చలేకపోయింది.

"నేను తేల్చడమెందుకు? అందరినీ అడుగుదాం. రెండు గుంటలు తవ్విస్తాను. మాను ఉండాలి అన్నవాళ్లు కుడి గుంటలో ఒక కుంకుడుగింజ వెయ్యండి. వద్దు అన్నవాళ్లు ఎడమ గుంటలో వెయ్యండి" అంది.

అందరూ గింజలు వేశారు. పొలుసన్న కూడా వేశాడు. అతనికి పళ్లు లేవు కదా. గింజను నాలుకకు అంటించుకుని తెచ్చాడు. దారిలో ఒక ఎర్రచీమ కూడా ఆ జిగురుకు అతుక్కుంది. గింజతోపాటు అదీ గుంటలో పడింది.

ఏ గుంటలో అంటారా? ఎడమ గుంటలో. మాను వద్దు అన్న గుంటలో.

ఏళ్ల తరబడి మానును కాచినవాడు అలా ఎందుకు వేశాడు? దానికి కారణం వింటే మీరు నవ్వుతారు. మాను మొదట్లో ఒక లోతైన కన్నం ఉంది. అందులో బలిసిన చెదపురుగుల గూడు ఒకటి ఉంది. మూరెడు నాలుకకు అది ఎప్పుడూ బెత్తెడు దూరంలోనే ఉండిపోయేది. మాను వాగులో పడి బద్దలైతే ఆ విందంతా నేలమీద పరుచుకుంటుంది. పడుకునే తినొచ్చు. పొలుసన్న ఆలోచన అంతవరకే వెళ్లింది. దాని అవతల ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

'అయినా నా ఒక్క గింజతో ఏమవుతుందిలే' అనుకున్నాడు.

జడలమ్మకు లెక్కలు రావు. గోళ్లు అయిపోతే ఆమె లెక్క ఆగిపోతుంది. అందుకని ఆమెకు ఒక పద్ధతి ఉంది. ఈ గుంటలోంచి ఒకటి, ఆ గుంటలోంచి ఒకటి తీసి, జంటగా పక్కన పడేసేది. ఏ గుంటలో గింజలు మిగిలితే ఆ మాట నెగ్గినట్టు.

జంటలు తీస్తూ పోయింది. కుప్ప పెరిగింది. కుడి గుంట ఖాళీ అయింది. ఎడమ గుంటలో ఒక్కటంటే ఒక్క గింజ మిగిలింది.

జడలమ్మ దాన్ని పైకెత్తి అందరికీ చూపించింది. పొలుసన్న గుండె జారి తోకలోకి వచ్చింది. ఆ గింజకు ఒక ఎర్రచీమ అతుక్కుని ఉంది.

జడలమ్మ గింజను ఒకసారి వాసన చూసింది. దాన్ని తన గుహ గూట్లో పెట్టుకుంది.

"మాను వద్దన్న మాట నెగ్గింది. దాన్ని తొయ్యడం మన వల్ల కాదు. తొలకరికి ఏనుగుల మంద ఇటు వస్తుంది. అప్పుడు తోయిద్దాం" అంది.

కథ అక్కడితో అయిపోవాలి. కాలేదు. అసలు గొడవ అక్కడే మొదలైంది.

మర్నాడు పొద్దున చుక్కమ్మ అనే దుప్పి తన బిడ్డ బుజ్జిచుక్కను వెంటబెట్టుకుని మాను దాటి నీళ్లకు వెళ్లింది. తిరిగి వచ్చి ఒక ప్రశ్న అడిగింది. "వచ్చే ఎండాకాలం మాను ఉండదు కదా. మరి నీళ్లెలా?"

ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు.

వెంటనే సింగారి అందుకుంది. "చూశారా! ఏమీ తెలియకుండా గింజలు వేశాం. ఒక్క గింజ తేడా! తెలియక అన్న మాటకు జీవితమంతా కట్టుబడాలా? మళ్లీ అడగాల్సిందే."

ఘుర్రయ్య నేలను కోరలతో పెళ్లగించాడు. "అన్న మాట అన్నదే. ఒక్క గింజైనా గెలుపు గెలుపే. ఇవాళ మళ్లీ అడుగుతారు. రేపు మళ్లీ అడుగుతారు. మీకు నచ్చిన జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటారా? అలాగైతే మొదటిసారి మమ్మల్ని ఎందుకు అడిగినట్టు?"

ఘుర్రయ్య మాట్లాడితే పొలుసన్నకు అతనిదే న్యాయం అనిపించేది. సింగారి మాట్లాడితే ఆమెదే న్యాయం అనిపించేది. 'బంతిలా చుట్టుకునేవాణ్ణి కదా. ఎవరు తోస్తే అటు దొర్లుతాను' అనుకున్నాడు.

అడవి రెండుగా చీలింది. ఒకరిది 'ఒకసారి చాలు' పక్షం. ఇంకొకరిది 'మళ్లీ అడగాలి' పక్షం. ఒకే పొదలో పెరిగిన కుందేళ్లు పలకరించుకోవడం మానేశాయి. ముళ్లపందుల జంట ఎడమొహం పెడమొహం అయింది. ఆ జంట వీపులు తిప్పుకుంటే ఇంట్లో ఇంకెవరికీ చోటుండదు మరి.

పొలుసన్న ఆ సాయంత్రం మామూలుగా మాను దగ్గరికి వెళ్లాడు. ఘుర్రయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఏరా పొలుసూ, ఎక్కడికి?"

"చెదలు తియ్యడానికి."

"పోయే మానుకు సేవ ఏమిట్రా? దాన్ని ముట్టుకున్నావంటే నెగ్గిన మాటను కాదన్నట్టే. వెళ్లు వెళ్లు."

పొలుసన్న మాను రెండో వైపుకు వెళ్లాడు. అక్కడ కొమ్మమీద సింగారి కూర్చుని ఉంది.

"ఏమయ్యా, దేనికొచ్చావు? చెదల పేరు చెప్పి మానును గీకి గీకి బలహీనం చెయ్యమని ఘుర్రయ్య పంపాడా? మళ్లీ గింజలు వేసేదాకా దీన్ని ఎవరూ తాకకూడదు."

"రోజూ చేసే పనేగా, తల్లీ."

"నిన్నటిదాకా అది పని. ఇవాళ అది పక్షం."

పొలుసన్న చుట్టుకుపోయాడు. బంతిలా దొర్లుకుంటూ బొరియకు చేరాడు.

పని లేనివాడికి ఆలోచనలు ఎక్కువ. పైగా ఆ మిగిలిన గింజ ఎవరిదని అడవంతా ఆరా తీస్తోంది. అది పొలుసన్నను లోపల గుచ్చుతూనే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు 'గింజ' అన్నా అతను ముక్కు తడుముకునేవాడు. అప్పుడు అతనికి ఒక ఆసక్తి పుట్టింది. 'నేనంటే కడుపు కోసం వేశాను. మిగతావాళ్లు దేనికోసం వేసి ఉంటారు?'

తెలుసుకోవాలనిపించింది. బయలుదేరాడు.

మొదట కుందేళ్ల దగ్గరికి వెళ్లాడు. వాటి పెద్ద పేరు గరికమ్మ.

"గరికమ్మా, నువ్వు ఏ గుంటలో వేశావు?"

"ఎడమ గుంటలో, బాబాయ్. మేమందరం ఎడమ గుంటలోనే."

"మాను వద్దనుకున్నారా?"

"మానా?" గరికమ్మ చెవులు నిక్కించింది. "కాదు బాబాయ్. ఎడమ గుంట దగ్గర నేరేడుచెట్టు నీడ ఉంది. కుడి గుంట దగ్గర మాడిపోయే ఎండ. పిల్లలతో ఆ ఎండలో ఎక్కడ నిలబడేది?"

పొలుసన్న నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే పెట్టుకుని గుడ్లగూబ తాతమ్మ దగ్గరికి వెళ్లాడు.

"నేనా నాయనా? నన్ను మిట్టమధ్యాహ్నం లేపారు. నాకు పగలు కళ్లు కనబడతాయా? గింజను గాల్లోకి వదిలాను. టప్ మంది. ఏదో గుంటలో పడే ఉంటుంది."

"ఏ గుంటలో తాతమ్మా?"

"గుంటలో పడిందా, ఎవరి నెత్తిన పడిందా అన్నదే నా అనుమానం."

ముళ్లపంది 'ఉండాలి' అని వేశాడు. భార్య 'వద్దు' అంది కాబట్టి. భార్య 'వద్దు' అని వేసింది. మొగుడు 'ఉండాలి' అంటాడని తెలుసు కాబట్టి.

పొలుసన్నకు ఆసక్తి ఇంకా పెరిగింది. ధైర్యం చేసి ఘుర్రయ్యనే అడిగాడు. అప్పుడు ఘుర్రయ్య వాగు అడుగున బురదలో హాయిగా దొర్లుతున్నాడు.

"ఘుర్రయ్యా, నువ్వు నీళ్లకు మాను మీద నుంచి వెళ్తావా?"

"నాకెందుకురా మాను? వాగులోకి దిగుతాను, అటు ఎక్కుతాను. నా కాళ్లకు ఇదొక లెక్కా?"

ఆ తర్వాత సింగారిని అడిగాడు.

"నాకు మానుతో పనేముందయ్యా? ఈ కొమ్మ వదిలి ఆ కొమ్మ పట్టుకుంటే అవతలిగట్టే."

"మరి మాను ఉండాలని ఎందుకంత పట్టుదల?"

"ఘుర్రయ్య పోవాలన్నాడుగా!"

పొలుసన్న తల గోక్కున్నాడు. మానుతో పనిలేని ఇద్దరు మాను కోసం కొట్టుకుంటున్నారు. మానుతో పనున్న వాళ్లు వాళ్ల వెనక నిలబడి అరుస్తున్నారు. చివరికి చుక్కమ్మను అడిగితే, మాను గురించి ఆలోచించి గింజ వేసినది ఆమె ఒక్కతే అని తేలింది.

'తిలాపాపం తలా పిడికెడు. అందులో పెద్ద పిడికిలి నాదే' అనుకున్నాడు పొలుసన్న.

రోజులు గడిచాయి. వాదన ఆగలేదు. విచిత్రం ఏమిటంటే, వాదించి వాదించి గొంతు ఎండిపోతే, రెండు పక్షాల వాళ్లూ ఒకరి వెనక ఒకరు అదే మాను మీద నడిచి దొన దగ్గరికి వెళ్లేవారు. నీళ్లు తాగి, అదే మాను మీద నడిచి వచ్చి, మళ్లీ మొదలుపెట్టేవారు.

ఒకరోజు పొలుసన్న ఉండబట్టలేక మాను మొదట్లో చెవి ఆనించాడు.

కరకర. కరకర. కరకర.

మొదట అతనికి నోరూరింది. ఆ తర్వాత ఒళ్లు జలదరించింది. ఆ చప్పుడు లోతైన కన్నంలోంచి మాత్రమే రావడం లేదు. మాను మధ్యలోంచి వస్తోంది. చివరి నుంచి వస్తోంది. పైపైన బెరడు నిగనిగలాడుతూనే ఉంది. లోపల మాను లేదు. చెద ఉంది.

పొలుసన్న ఘుర్రయ్య దగ్గరికి పరుగెత్తాడు. అలుగు పరుగు ఎంతో మీకు తెలుసు కదా. ఆయాసపడుతూ చెప్పాడు. "ఘుర్రయ్యా, మాను లోపల గుల్లయిపోయింది. ఎవరైనా పడిపోతారు."

ఘుర్రయ్య చిన్న కళ్లు ఇంకా చిన్నవి చేసుకున్నాడు. "ఓహో. చెద పేరు చెప్పి మళ్లీ మానెక్కి సేవ మొదలుపెడదామనా? సింగారి నేర్పిందా ఈ మాట?"

సింగారి దగ్గరికి వెళ్లాడు.

"మాను గుల్లయిందా? అంటే ఎలాగూ పోతుంది కాబట్టి మళ్లీ అడగనక్కర్లేదనా? ఘుర్రయ్య పంపాడు కదూ నిన్ను?"

చుక్కమ్మకు చెబుదామని చూశాడు. ఆమె నమ్మలేదు. తిట్టనూ లేదు. "అన్నా, నువ్వు ఏ పక్షమో నాకు తెలియదు. ఈ మధ్య ఎవరేం చెప్పినా వెనక ఏదో ఒక పక్షం ఉంటోంది. నా బిడ్డకు నీళ్లు కావాలి. అంతే" అంది.

అప్పుడు పొలుసన్నకు ఒక సంగతి అర్థమైంది. తను దాచుకున్న మాట ఒకటుంది. అది కడుపులో ఉన్నంతకాలం తన నోట్లోంచి వచ్చే ఏ మాటకూ బరువుండదు. కానీ ఆ మాట చెబితే అడవి అంతా ఉమ్ముతుంది. తాతలనాటి బొరియ కూడా దక్కదేమో. చెప్పడానికి నోరు రాలేదు. చుట్టుకుపోవడం మాత్రం బాగా వచ్చింది.

ఆ ఏడు తొలకరి చినుకు ఇంకా పడకముందే ఏనుగుల మంద వచ్చేసింది. ముందు నడిచే పెద్ద ఏనుగు పేరు ముత్తవ్వ. ఆమె వాగు ఒడ్డున నిలబడి చెవులు విసిరింది.

"జడలమ్మా, కబురు పంపావట. ఏదీ ఆ మాను? తొయ్యమంటారా?"

"తొయ్యండి!" అని సగం అడవి అరిచింది.

"తొయ్యొద్దు! మళ్లీ అడగాలి!" అని మిగతా సగం అరిచింది.

ముత్తవ్వ తొండం పైకెత్తింది, దించింది. "మీరు ముందు తేల్చుకోండి. తోశాక మళ్లీ పెట్టమంటే నా నడుం ఒప్పుకోదు" అని పక్కకు వెళ్లి ఇసుక చల్లుకోవడం మొదలుపెట్టింది.

ఆ పొద్దున చుక్కమ్మ ఇవతల ఒడ్డున గుంపులో ఇరుక్కుపోయింది. బుజ్జిచుక్క ఒక్కడే నీళ్లు తాగి, అవతల ఒడ్డున మాను చివర నిలబడ్డాడు. "అమ్మా, వస్తున్నా!" అని అరిచాడు. ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. అమ్మకు తప్ప.

పొలుసన్నకు కూడా వినబడింది.

బుజ్జిచుక్క మాను మీద ఒక కాలు పెట్టాడు. పొలుసన్న పెద్దగా అరిచాడు. "ఆగు! మాను విరుగుతుంది! ఆగు!" ఎవరూ తిరిగి చూడలేదు. అలుగు గొంతు ఎంతని! బుజ్జిచుక్క రెండో కాలు పెట్టాడు.

పొలుసన్న ఒళ్లంతా చుట్టుకుపోవాలని లాగింది. ఈసారి చుట్టుకోలేదు. తోక నేలకు ఆనించి, వెనక కాళ్లమీద నిటారుగా నిలబడ్డాడు.

"ఆ మిగిలిన గింజ నాది!" అని అరిచాడు.

ఆ ఒక్క మాటకు అరుపులన్నీ ఆగిపోయాయి. ఘుర్రయ్య తిరిగాడు. సింగారి తిరిగింది. కుందేళ్ల చెవులన్నీ ఒక్కసారే ఇటు తిరిగాయి. ఇన్ని రోజులుగా అందరూ తెలుసుకోవాలని చచ్చిపోతున్నది అదే కదా!

"అవును. నాదే. మాను బద్దలైతే చెదపురుగులు పడుకుని తినొచ్చని వేశాను. నా తెలివి అంతే. తర్వాత తిట్టండి. ఒక్క క్షణం నోరు మూసుకుని వినండి!"

అడవి నోరు మూసుకుంది. అప్పుడు అందరికీ వినబడింది.

కరకర. కరకర. కరకర.

"బుజ్జీ, వెనక్కి పో! అక్కడే ఉండు!" చుక్కమ్మ అరిచింది. బుజ్జిచుక్క ఒక్క గెంతులో వెనక్కి దూకాడు.

అప్పుడైనా ఘుర్రయ్య, సింగారి ఆగారా? ఆగలేదు.

"విన్నారా! తిండి కోసం వేసిన గింజ! అది చెల్లదు! మళ్లీ అడగాల్సిందే!" అంటూ సింగారి అందరికీ కనబడేలా మాను మధ్యలోకి దూకింది.

"దేనికోసం వేస్తే నీకేం? గింజ గింజే! దిగు కిందికి!" అంటూ ఘుర్రయ్య ఆమె వెనకే మాను మీదికి ఉరికాడు.

"మళ్లీ అడగాలి!"

"అడగనక్కర్లేదు!"

ఫెళ్!

మాను మధ్యకు విరిగింది. ఎవరూ తొయ్యలేదు. ఎవరినీ మళ్లీ అడగలేదు. ఘుర్రయ్య, సింగారి, నల్లమద్ది మాను, ముగ్గురూ కలిసి వాగు అడుగున బురదలో పడ్డారు. ఘుర్రయ్యకు ఒక కోర విరిగింది. సింగారి తోక మెలిక పడింది. అది మళ్లీ ఎన్నడూ తిన్నగా కాలేదు.

బురదలోంచి ముందు లేచింది ఘుర్రయ్య. "చూశావా, నా మాటే నెగ్గింది" అన్నాడు.

"నోర్ముయ్. ముందు నా తోకమీద నుంచి లే" అంది సింగారి.

ఒడ్డుమీద ఎవరూ నవ్వలేదు. చుక్కమ్మ వాగు అవతలికి చూస్తూ నిలబడింది. బిడ్డ అటు. తల్లి ఇటు. మధ్యలో మాను లేదు. మాను లేకపోవడం అంటే ఏమిటో అడవి మొదటిసారి కళ్లతో చూసింది.

ముత్తవ్వ నెమ్మదిగా వచ్చింది. "నా పని మీరే చేసుకున్నారు. సంతోషం. అక్కడ ఎండిన మద్దిచెట్టు ఒకటుంది. కావాలంటే దాన్ని పడేసి పోతాను. కావాలా, వద్దా?"

"కావాలి!" అని కొందరు మొదలుపెట్టారు.

"వద్..." అని ఇంకొకరెవరో మొదలుపెట్టబోయారు.

జడలమ్మ పంజా ఎత్తింది. "పొలుసన్నా, నువ్వు చెప్పు. ఇప్పుడేం చేద్దాం?"

పొలుసన్న నేలచూపులు చూశాడు. "నన్నడుగుతావేంటి పెద్దమ్మా? ఈ అడవిలో అందరికంటే తెలివితక్కువ గింజ వేసింది నేను."

"అందుకే అడుగుతున్నా. తప్పు ఎక్కడ జరిగిందో నీకు తెలుసు."

పొలుసన్న విరిగిన మాను వైపు చూశాడు. "అడిగింది ఒకసారా, రెండుసార్లా అని కొట్టుకున్నాం. అడిగిన దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. మాను లేకుండా అవతలికి వెళ్లి, నీళ్లు తాగి, తిరిగి వద్దాం. అందరం. అలా వెళ్లొచ్చినవాళ్లే గింజ వెయ్యాలి. అప్పుడు ఎవరు ఏ గుంటలో వేసినా సరే."

"వెళ్లలేనివాళ్లో?" అడిగింది గరికమ్మ.

"వెళ్లలేకపోవడం కూడా తెలుసుకోవడమే కదమ్మా. ప్రయత్నం చేస్తే చాలు."

జడలమ్మ తలూపింది. ముందు చుక్కమ్మ దిగింది. ఆమె వెనక అడవి అంతా దిగింది. రాళ్లు జారాయి. ముళ్లు గుచ్చుకున్నాయి. కుందేళ్లు సగం దారిలోనే కూర్చుండిపోయాయి. ముళ్లపంది జారుతుంటే భార్య తోకతో ఆపింది. చాలా రోజుల తర్వాత వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. "చూసి నడువు" అని ఆమె, "నువ్వే చూసుకో" అని అతను. అది కూడా మాటే మరి.

అవతలిగట్టుకు చేరేసరికి మధ్యాహ్నం అయింది. దొన పక్కన బుజ్జిచుక్క ఒక ముసలి దుప్పి పక్కన పడుకుని ఉన్నాడు. ఆమె అవతలిగట్టు దుప్పి.

"పొద్దున్నుంచి అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు. మా పిల్లలతో పాటే కూర్చోబెట్టుకున్నాను. మీ కోన పూలు తిన్న నోరు కదా మాది. ఈ మాత్రం చెయ్యలేమా?" అంది.

ఘుర్రయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. చుక్కమ్మ బిడ్డను నాకుతూ ఉండిపోయింది.

తిరిగి వచ్చే దారిలో వాగు అడుగున విరిగిన మాను ముక్కలు కనబడ్డాయి. లోతైన కన్నంలోని గూడంతా నేలమీద పరుచుకుని ఉంది. పొలుసన్న ఎన్నేళ్లుగానో కలగన్న విందు. అతను ఆగాడు. సిగ్గుపడ్డాడు. అటూ ఇటూ చూశాడు. సిగ్గుపడుతూనే కడుపునిండా తిన్నాడు. ఎంతైనా అలుగు అలుగే కదా.

మూడో రోజు జడలమ్మ మళ్లీ రెండు గుంటలు తవ్వించింది. ఈసారి రెండు గుంటలూ నేరేడుచెట్టు నీడలోనే తవ్వించింది. గుడ్లగూబ తాతమ్మ కోసం మసక వెలుతురు పడేదాకా ఆగింది. అడగాల్సింది కూడా వివరంగా అడిగింది.

"కొత్త మాను కావాలంటే రోజూ చెద తీయించాలి. అవతలివాళ్లతో పూలు పంచుకోవాలి. వద్దంటే ఎండాకాలం నీళ్లకు మొన్నటిలాగే వాగు దిగి ఎక్కాలి. ఆలోచించి వెయ్యండి."

గింజలు పడ్డాయి. జంటలు తీసింది. మూడు జంటలకే 'వద్దు' గుంట ఖాళీ అయింది. 'కావాలి' గుంట నిండుగా ఉంది.

"వద్దన్న ముగ్గురిలో ఒకణ్ణి నేను" అన్నాడు ఘుర్రయ్య, ఎవరూ అడగకుండానే. కోర విరిగాక అతని మాట కొంచెం ఈలలా వినబడేది. "దిగి ఎక్కి చూసొచ్చాను. అయినా వద్దనే వేశాను. పూలు తక్కువైన ఏడు నా పిల్లలేం తింటారు? నా భయం నాది."

'మళ్లీ అడగాలి' పక్షం వాళ్లు గొణిగారు. జడలమ్మ వాళ్లను ఆపింది.

"చూసొచ్చి వేశాడు. అతని గింజకూ బరువుంది. ఆ భయమే మొదటి రోజు చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పూలు తక్కువైన ఏడు, మొదటి వారం రోజుల పూలు కోనవాళ్లకే. ఆ తర్వాతే అవతలివాళ్లు రావాలి. సరేనా, ఘుర్రయ్యా?"

ఘుర్రయ్య కాసేపు నేలను మూతితో పొడిచాడు. "సరే" అన్నాడు. ముత్తవ్వ కొత్త మాను పడేశాక, దానిమీద మొదట నడిచినవాడు కూడా అతనే. గట్టిగా ఉందో లేదో చూడటానికే అని చెప్పాడు.

ఇంతకీ పొలుసన్న గింజ సంగతి చెప్పలేదు కదూ. ఆ రోజు అతను వెయ్యలేదు. కొత్త మాను పడ్డ మర్నాడు గుంటల దగ్గర జడలమ్మ ముందు నిలబడ్డాడు. ఉత్త నాలుకతో వచ్చాడు.

"నాకు గింజ వేసే అర్హత ఉందా, పెద్దమ్మా?"

జడలమ్మ గుహ గూట్లోంచి తెచ్చిన కుంకుడుగింజను తన జూలులోంచి తీసి అతని ముందు పెట్టింది. దానిమీద ఎండిపోయిన ఎర్రచీమ ఒకటి ఇంకా అతుక్కుని ఉంది.

పొలుసన్న కళ్లు పెద్దవయ్యాయి. "నీకు మొదటి రోజే తెలుసా? మరి ఎందుకు చెప్పలేదు?"

"నేను చెబితే అది నీమీద వేసిన నింద అయ్యేది. నువ్వు చెబితేనే నలుగురూ నోరు మూసుకుని విన్నారు" అంది జడలమ్మ. "ఊఁ, కానియ్. ఈసారి ముందు చీమను తినెయ్. ఆ తర్వాత ఆలోచించు. గింజ ఆఖరున వెయ్యి."

పొలుసన్న చీమను తిన్నాడు. కొత్త మాను వైపు చూశాడు. దానిమీద బుజ్జిచుక్క తల్లి వెనకాల గెంతుతూ నీళ్లకు వెళ్తున్నాడు. మాను మొదట్లో అప్పుడే ఒక చిన్న చెదపురుగు పాకుతోంది.

పొలుసన్న గింజను కుడి గుంటలో వేసి, పనిలోకి వెళ్లిపోయాడు.

నీతి: ఒకసారి అడగాలా, రెండుసార్లు అడగాలా అని కొట్టుకునే ముందు, అడుగుతున్నదేమిటో వెళ్లి కళ్లారా చూడాలి. చూడకుండా ఎన్నిసార్లు చెప్పినా అది గాల్లోకి విసిరిన గింజే. చూసి చెప్పిన మాట ఒక్కటైనా దానికి బరువుంటుంది.